నీడమెకానికి వాటా

పోయిన వారం సుష్మను కాశీబుగ్గలో ఒక నీలం కర్టెన్ ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె భర్త మహీధర్ రోడ్డు ప్రమాదంలో పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం లోపు ఒక పని ముగించుకోవాలని ఆమె బైరాగి నెట్ సెంటర్‌కు వచ్చింది. మహీధర్ ఆడిన ‘అడవిదారి’ అనే కంప్యూటర్ ఆటలో అతని పేరు ఇంకా అలాగే ఉంది. అక్కడ అతనికి ముఖాలు తెలియని స్నేహితులు చాలామంది. వాళ్లకు అతను లేడని చెప్పి, ఆ పేరు తీయించాలి. తీరా పేజీ తెరిస్తే, ఆ పేరు మీద నిన్న సాయంత్రం కూడా ఎవరో రాసి ఉన్నారు. ఎవరని అడిగితే బైరాగి నోటితో చెప్పలేదు. చివరి గది వైపు చూశాడు. ఆ గది కర్టెన్ బయట విడిచిన చెప్పులు ఆమె మామగారు రమణమూర్తివి.

సుష్మ కర్టెన్ తీసింది.

ఉద్దానంలో వాళ్ల ఊళ్లో రమణమూర్తి వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. తోటల సరిహద్దు తగవులకు ఆయన మాటే ఆఖరు మాట. ఆ మనిషి ఇప్పుడు ఇరుకైన ప్లైవుడ్ గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నారు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, కుడిచేతి చూపుడువేలుతో కీబోర్డు మీద అక్షరం వెతుక్కుంటున్నారు. పొలంలో పడిపోయిన ఉంగరాన్ని వెతికినట్టు వెతుకుతున్నారు. అక్షరం దొరికింది. నొక్కారు. తెర మీద పడిందో లేదో తలెత్తి చూసుకున్నారు. మళ్లీ తల దించి తర్వాతి అక్షరం కోసం బయలుదేరారు.

ఆ వేలిని చూశాక, కర్టెన్ తీసేటప్పుడు సుష్మకు ఉన్న కోపం కాస్త తడబడింది. కానీ పోలేదు.

“మీరేనేటి మావయ్యా రాస్తన్నది?” అంది.

ఆయన ఉలిక్కిపడి లేచారు. కోడలి ముందు మామగారు అలా లేచి నిలబడడం ఆమెకే సిగ్గనిపించి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన ముందుగా ఆ కర్టెన్‌ను రెండు చేతులతో ఎత్తి, ప్లైవుడ్ గోడ మీదికి విసిరేశారు. మామా కోడలూ తెర వెనక కూర్చున్నారని ఎవరూ అనుకోకూడదు. బయట ఉన్న స్టూలు తెచ్చి, తన కుర్చీకి చేతి దూరంలో వేశారు.

“కూకో అమ్మా,” అన్నారు.

సుష్మ కూర్చుంది. నెట్ సెంటర్‌లో మధ్యాహ్నం వేళ మరెవరూ లేరు. బైరాగి కౌంటర్ దగ్గర పాత దినపత్రిక తిరగేస్తూ, వినకూడదనుకుంటూనే వింటున్నాడు. మహీధర్‌కు చిన్ననాటి స్నేహితుడతను.

అడవిదారి ఆట గురించి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఆట మొదలయ్యేటప్పుడు, ఏటి అవతలి గట్టున ఒక నీడ కదులుతుంది. అంతే. ఆటంతా తిరిగినా ఆ జంతువు ఇంకెక్కడా కనిపించదు. తడి ఇసుకలో దాని అడుగులు మాత్రం అక్కడక్కడ ఉంటాయి. ఆట తయారుచేసినవాళ్లు దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆడేవాళ్లే దానికి నీడమెకం అని పేరు పెట్టుకుని, అదేమిటో తేల్చాలని రాత్రింబవళ్లు రాసుకుంటూ ఉంటారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆ చర్చల పేజీకి ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు. విజయవాడ కుర్రాడొకడు అది ఎనిమిది కాళ్ల శరభమని, నీడలో నాలుగు కాళ్లే కనిపించినా మిగతా నాలుగూ వీపు మీద ఉంటాయని గట్టిగా నమ్మాడు. బరంపురంలో చదువుకునే ఇచ్ఛాపురం అమ్మాయి, అది ఒడియావాళ్లు గోడల మీద వేసే నవగుంజరమని, తొమ్మిది ప్రాణుల దేహం కలిసిన దేవుడి రూపమని, నాలుగు కాళ్లలో ఒకటి కాలు కాదు, మనిషి చెయ్యి అని రాసింది. అది బొమ్మ వేసినవాడు చెయ్యి జారి గీసిన గీత, మీరంతా పనిలేనివాళ్లని ఇంకొకడు అన్నాడు. ఆ ఒక్కణ్ణి మాత్రం అందరూ ఏకమై తిట్టారు.

మహీధర్‌కు తనదైన ఊహ ఒకటి ఉండేది. దానికి దేహమే లేదు, నీడ ఒక్కటే ఉందని అతను వాదించేవాడు. కంచం ముందు కూర్చుని, ఎడమ చెయ్యి గాలిలో తిప్పుతూ, ఆ నీడ ఏ కొండ నుంచి ఏ కొండకు పోతుందో సుష్మకు చెప్పేవాడు. పులుసు చల్లారిపోతోంది, తిని చెప్పండి అనేది ఆమె. ఆ మాటలు అప్పుడు సగం చెవినే విన్నది. ఇప్పుడు మిగతా సగం ఎవరినడగాలో తెలియదు.

ఆ పేజీలో పైకి వెళ్లి, ఏడాదిగా భర్త పేరు మీద ఉన్న మాటలన్నీ ఆమె చదవడం మొదలుపెట్టింది. రమణమూర్తి ఆపలేదు. పరీక్ష రాసి కాగితం ఇచ్చిన పిల్లవాడిలా పక్కన కూర్చున్నారు.

మొదటి మాటల్లోనే సుష్మకు అంతా అర్థమయింది. ఆ పేజీలో పిల్లలందరికీ మారుపేర్లు. ఒకడు తారాజువ్వ. ఒకతె ఉప్పుచేప. మహీధర్ వాళ్లను ఒరేయ్ అనీ ఒసేయ్ అనీ పిలిచేవాడు. ఈ ఏడాదిగా అదే మహీధర్ “ఉప్పుచేప గారికి నమస్కారం” అని మొదలుపెడుతున్నాడు. ఆమె నవ్వకూడదనుకుంది. నవ్వు రాలేదు కూడా.

నీడమెకం అడుగుల బొమ్మ చూసి రమణమూర్తి అది ఎలుగుబంటి అని తేల్చేశారు. ఎలుగు వెనకకాలి అడుగు అచ్చం మనిషి పాదంలా ఉంటుందని, జీడితోట ఉన్నవాడికి ఆ మాత్రం తెలుస్తుందని రాశారు. నీడకు కొమ్ములున్నాయి కదా అని తారాజువ్వ అడిగితే, మా తోటలో ఒకసారి ఎలుగు పండ్ల గంపను నెత్తిన బోర్లించుకుని తిరిగింది, నీడలో గంప చెవులు కొమ్ముల్లాగే ఉంటాయి అని జవాబు. దాని మీద పిల్లలు వారం రోజులు నవ్వుకున్నారు. నవ్వినా ఆయన తగ్గలేదు. సరే, ఎలుగు కాదనుకుందాం, అది ఏమైతేనేం అని రాశారు. ఆ తర్వాతి మాటలు సుష్మ రెండుసార్లు చదివింది.

తోటలోకి తెలియని ప్రాణి వస్తే, అదేమిటో కనిపెట్టడం మొదటి పని కాదు. దాని వాటా దానికి పెట్టడం మొదటి పని. బాణాలు పట్టుకుని వెతక్కండి. అడవి అంచున పండ్లు పెట్టి ఇంటికి వచ్చేయండి.

అది వాళ్లింటి ఆనవాయితీ. జీడిపండ్లు రాలడం మొదలైనప్పుడు, తొలి గంపను పిక్కలు తీయకుండానే తోట అంచున పెట్టి వస్తారు. డబ్బొచ్చేది పిక్కకు గాని పండుకు కాదు, అందుకని ఊళ్లో మిగతావాళ్లు నవ్వుతారు. ఎలుగు పండు తిని పిక్క వదిలేస్తుంది, మన వాటా మనకే ఉంటుందని రమణమూర్తి తల్లి చెప్పేదట. పెళ్లయిన ఏడాది ఆ గంపను సుష్మ చేతే పెట్టించారు. ఎలుగుకు పిక్కెందుకు, జీడిరసం తగిలి మూతి పొక్కితే మనమే ఆసుపత్రికి మోసుకెళ్లాలి అని మహీధర్ దారంతా ఎగతాళి చేశాడు. అతను రాసే మాట కాదిది.

“ఇంట్లో అత్తయ్యకి తెలుసా?” అని అడిగింది.

తెలియదని ఆయన తల ఊపారు. పిక్కల ధర కనుక్కోవడానికి కాశీబుగ్గ వెళ్తున్నానని భార్య అప్పలనరసమ్మకు చెప్పి వస్తున్నారట. ధర రోజూ మారదు కదా, మీ మావ టీకొట్టు మరిగారు అని ఆమె సుష్మతో ఒకటి రెండుసార్లు అన్న మాట నిజమే.

ఎలా మొదలైందో ఆయనే చెప్పుకొచ్చారు. పన్నెండో రోజు కార్యం అయ్యాక బైరాగి ఇంటికి వచ్చి, ఆటలో స్నేహితులు మహీ ఏడని అడుగుతున్నారు, నేను చెప్పలేకపోతున్నాను, మీరొచ్చి ఒక్క మాట రాయండి బాబాయ్ అన్నాడట. బైరాగే పేజీ తెరిచి, కూర్చోబెట్టి, బయటకు వెళ్లాడట.

“పోనాడని రాద్దామనే కూకున్నానమ్మా,” అన్నారు. “ఒక్కో అచ్చరం ఎతుక్కుంతన్నాను. ఈలోగా ఎవులో, ఎక్కడున్నావురా మహీ, నువ్వు లేక అడివి బోసిపోనాది అని అడిగినారు. నా ఏలు ఇక్కడే ఉన్నానని కొట్టేసినాది.”

ఆయన తన వేలి వైపు చూసుకున్నారు.

సుష్మ ఏడాదిగా గట్టిగా ఏడవలేదు. గట్టిగా కోప్పడనూ లేదు. ఇంట్లో అందరూ తన ముఖం వైపే చూస్తుంటే, ఆ ముఖాన్ని సర్దుకోవడంతోనే రోజు గడిచేది. ఇప్పుడు ఆ సర్దుబాటు వదిలేసింది.

“ఆయన లేడని నేను రోజూ నేర్చుకుంటన్నాను, మావయ్యా,” అంది. “నిన్న నేర్చుకున్నది పొద్దున్న లేచేసరికి మరిచిపోయి, మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటన్నాను. మీరిక్కడ కూకుని ఉన్నాడని రాస్తన్నారు. నన్నేటి సెయ్యమంటారు మరి?”

గొంతు పెరగలేదు. అయినా కౌంటర్ దగ్గర బైరాగి పేపరు తిప్పడం ఆపేశాడు.

రమణమూర్తి తల దించుకున్నారు. తగవుల్లో ఎదుటివాడి మాట సబబైతే ఒప్పుకోవడం ఆయనకు అలవాటే. ఇక్కడా ఒప్పుకున్నట్టే కూర్చున్నారు. తర్వాత మెల్లగా, “ఆడు బతికుండగా ఆడూ నానూ ఇన్ని మాటలాడుకోలేదమ్మా,” అన్నారు. “ఈ పిల్లలు ఆడి పేరెట్టి ఏదో అడుగుతారు. నాను సెప్తాను. మళ్లీ అడుగుతారు. ఆడి పేరు మీద జవాబొస్తంటే, ఆడే నన్ను పలకరించినట్టుంటాది. తప్పే. తప్పు కాదనను.”

సుష్మ అప్పుడు ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడానికి చెయ్యి చాపే చనువు మామగారికి ఉండదు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె ముందు, కీబోర్డు పక్కన పెట్టి, ముఖం అటు తిప్పుకున్నారు. తువ్వాలుకు చుట్ట వాసన, ఎండిన జీడిఆకు వాసన. ఆమె ముఖం తుడుచుకుంది.

కాసేపటికి, ఆ పండ్ల మాట రాశారు కదా, పెడితే నీడమెకం ఎవరికైనా కనిపించిందా అని అడిగింది. అడిగాక తనకే ఆశ్చర్యం వేసింది. మహీధర్ ఉన్నప్పుడు ఆ ఆట గురించి తనంతట తను ఒక్కసారి కూడా అడగలేదు.

“ఎవులికీ అగుపించలేదు,” అన్నారు రమణమూర్తి. “పండ్లెడితే వస్తాదని నాననుకున్నది తప్పేనని తేలిపోనాది. గాని ఒకటి సూద్దువుగాని, రా.”

ఆయన మౌస్ పట్టుకున్నారు. కొడుకు పేరుతో ఉన్న చిన్న బొమ్మ మనిషి అడవిదారిలో నడవడం మొదలుపెట్టాడు. చెట్లకు తగులుకుంటూ, పక్కదారుల్లో ఇరుక్కుంటూ వెళ్తున్నాడు. మహీధర్ అయితే ఈ దారిని పరుగు మీద దాటేవాడు. సుష్మ తెలియకుండానే కుడివైపు, మావయ్యా, కుడివైపు అంటోంది. అడవి చివర ఏరు వచ్చింది. గట్టు పొడవునా పండ్లు. ఎర్రవి, పసుపువి, కుప్పలు కుప్పలుగా, కొన్ని ఆకు మీద పేర్చి, కొన్ని ఊరికే పోసి. ఎవరెవరో వచ్చి పెట్టి వెళ్లారు. నీడమెకం రాదని తెలిశాక కూడా పెడుతున్నారట. పెట్టకుండా ముందుకు పోతే ఏదో మరిచిపోయినట్టుంటోందని ఉప్పుచేప రాసిందట. ఆటలో ఒక్కో పండూ ఎంత కష్టపడితే దొరుకుతుందో ఆయన సుష్మకు వివరించారు, అచ్చం కంచం ముందు కూర్చుని కొడుకు వివరించినట్టే.

చూస్తుండగానే చెట్ల లోంచి ఎవరో బొమ్మ మనిషి వచ్చాడు. ఒక పండు గట్టు మీద పెట్టాడు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

సుష్మకు భర్త ఊహ గుర్తొచ్చింది. దేహం లేదు, నీడ ఒక్కటే ఉందన్నాడు. ఆ గట్టు చూస్తుంటే ఆ మాట ఇప్పుడు అంత వింతగా అనిపించలేదు. అయినా ఆమె వచ్చిన పని మారలేదు. పండు పెట్టేవాళ్లకు ఎవరి మాట మీద పెడుతున్నారో తెలియాలి. సంవత్సరీకం రోజున అతని పేరు మీద పిండం పెట్టి, సాయంత్రం అదే పేరు మీద నమస్కారం రాయడం ఎలా కుదురుతుంది? ఆ సంగతి ఆయనతో మెత్తగానే చెప్పింది. వాళ్లకు చెప్పాలి, మావయ్యా. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను.

రమణమూర్తి కుర్చీలోంచి లేచి, దాన్ని ఆమె వైపు తిప్పారు.

“నువ్వే రాయమ్మా. నా ఎదర మాత్రం వొద్దు. నాను టీ తాగొస్తాను.”

చెప్పులు తొడుక్కుని బయటకు వెళ్లారు. రోడ్డు దాటి, జీడిపప్పు దుకాణాల వరుసలో ఉన్న టీకొట్టు వైపు నడిచారు. ఎండలో ఆయన వెనకనుంచి ఎప్పటికంటే పొట్టిగా కనిపించారు.

సుష్మ రాయడం మొదలుపెట్టింది. తారాజువ్వ, ఉప్పుచేప ఇద్దరూ అప్పుడు పేజీలోనే ఉన్నారు. వాళ్లిద్దరికి మాత్రమే కనిపించేలా రాయడం ఎలాగో బైరాగి దూరం నుంచే చెప్పాడు. నా పేరు సుష్మ. మహీధర్ భార్యను. ఇంతవరకు చెప్పనందుకు క్షమించండి. మహీ లేరు. పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిగా మీతో మాట్లాడుతున్నది వాళ్ల నాన్నగారు. ఆయన మిమ్మల్ని మోసం చేయాలని చేయలేదు. అక్కడితో ఆపి, ఒకసారి చదువుకుని, పంపేసింది. లేరు అనే మాటను ఆమె తన చేత్తో రాయడం అదే మొదటిసారి. రాసి కూడా బతికే ఉన్నాను అనుకుంది.

జవాబు వెంటనే రాలేదు. ఫ్యాను గాలికి బైరాగి పేపరు రెపరెపలాడుతోంది. తర్వాత తెర మీద ఉప్పుచేప మాటలు ఒక్కొక్కటిగా పడ్డాయి.

అక్కా, మాకు తెలుసు.

ఆ ప్రమాదం వార్త జిల్లా పేపర్లో వచ్చింది. తారాజువ్వ ఆలస్యంగా చూసినా, పేరూ ఊరూ బట్టి గుర్తుపట్టాడు. ఎక్కడున్నావురా మహీ అని రాసుకుని మేం ఏడుస్తూ ఉండగానే ఇక్కడే ఉన్నానని మహీ పేరు మీద జవాబు వచ్చింది. ఆ రోజు చాలా భయపడ్డాం. మర్నాడు మళ్లీ రాశారు. పిల్లలూ, భోజనాలు చేశారా అని అడిగారు. అప్పుడు అర్థమయింది, రాస్తున్నది వాళ్లింటి పెద్దవాళ్లెవరో అని.

అప్పటినుంచి ఆ ప్రశ్నకు మేమందరం రోజూ జవాబు చెప్తున్నాం. హాస్టల్లో ఉండేవాళ్లం, మమ్మల్ని అలా అడిగేవాళ్లు ఇక్కడెవరూ లేరు.

సుష్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. మాటలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

ఆయనకు మాత్రం చెప్పకండి. మాకు మొదటినుంచీ తెలుసునని తెలిస్తే ఆయన సిగ్గుపడి రాయడం మానేస్తారు. అప్పుడు మాకు ఇద్దరు పోయినట్టవుతుంది. ఇంకో మాట. సంవత్సరీకానికి మేం కొంతమందిమి వస్తున్నాం. టికెట్లు కూడా తీసుకున్నాం. పలాసలో దిగి మీ ఊరు ఎలా రావాలో చెప్పండి. మమ్మల్ని చూసి ఆయన ఏమనుకుంటారో, మేం ఏమని చెప్పాలో, అదంతా మీ మీదే ఉంది.

ఆమె ఆ చివరి మాట దగ్గరే ఉండగా గుమ్మంలో వెలుతురు తగ్గింది. రమణమూర్తి తిరిగి వచ్చారు. చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి ఆమెకు దగ్గరగా బల్ల మీద పెట్టి, తెర వైపు చూడకుండా, వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

“సెప్పేసినావా అమ్మా?”

చెప్పానంది.

“ఏటన్నారు పిల్లలు? తిట్టుంటారు.” ఒక గుక్క తాగారు. గ్లాసు అంచు పళ్లకు తగిలి చిన్న చప్పుడైంది. “నాను సూడలేను. నువ్వే సదువు. ఎలగ రాసినారో అలగే సదువు, ఒక్క ముక్క కూడా దాసొద్దు.”

కౌంటర్ వెనక బైరాగి లేచి నిలబడ్డాడు. సుష్మ తెర మీదికి చూసింది. అక్కడ లేని మాటను పైకి చదవడం మొదలుపెట్టింది.